రాగ్నా గౌను

సీవర్ట్ చేతులు ఊరికే ఉండగా ఆ దీవిలో ఎవరూ చూడలేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పడవను ఊడదీసి, మళ్లీ బిగించి, పడవపని తనంతట తానే నేర్చుకున్న మనిషి. అయితే వసంతంలో అక్కడ సుత్తి మోగకూడదు. తీగ మీద కొత్త రంగు బట్ట ఆరేయకూడదు. ఇట్టే బెదిరిపోయే ఈడర్ అనే అడవిబాతులు సముద్రంలోంచి నడిచొచ్చి ఇళ్ల పక్కనే పొదుగుతాయి. వాటికి గూళ్లు కట్టేదీ, ఎండిన నాచు పరిచేదీ, కాకుల్ని తోలేదీ మనుషులే. బాతుపిల్లలు వెళ్లిపోయాక గూట్లో మిగిలే, పరుపుల్లో కూరే మెత్తటి నూగే వాళ్లకు దక్కేది.

కిందటేడు ముంగిసలాంటి జంతువొకటి దూరి గూళ్లన్నీ పాడుచేసింది. ఈసారి వచ్చింది ఒక్కటే బాతు. అదీ బెదిరిపోతే ఇక ఈ ఒడ్డుకు ఏదీ రాదని సీవర్ట్ భార్య రాగ్నా బెంగ. దాని దగ్గరికి వెళ్లేది ఆమె ఒక్కతే. ఎప్పుడూ అదే బూడిదరంగు గౌను, అదే శాలువా, అదే గొణుగుడు. అలాంటి రాగ్నా నాచురాళ్ల మీద జారి, కాలు విరిగి, కట్టుతో మంచమెక్కింది. ఆ వారమే గాలి లేచింది.

గూటి కప్పుచెక్క ఒకటి లేచి పడుతోంది. టప్. మళ్లీ టప్. సీవర్ట్ కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతున్నాడు.

"కూర్చో ముసలోడా, నేల అరిగిపోతుంది."

"రెండు మేకులు కొడితే సరిపోయేదానికి..."

"కొట్టు. బాతు మళ్లీ నీ మొహం చూడదు."

"మరేం చెయ్యమంటావ్?"

రాగ్నా తలుపు వెనక కొక్కెం వైపు చూసింది. "నా గౌను వేసుకో."

"నీకు విరిగింది కాలేననుకున్నా!"

"గడ్డం శాలువాలో దాచుకో. గబగబా నడవకు. మాట్లాడుతూ వెళ్లు."

"దాంతో ఏం మాట్లాడను?"

"నాతో ఎప్పుడూ మాట్లాడనివి."

గౌను బొత్తాలు కాజాలకు అందలేదు. వలతాడుతో నడుముకు కట్టుకుని బయల్దేరాడు. ఎగిరే గౌనును ఒక చేత్తో అణచుకుంటూ అడుగులో అడుగు వేశాడు. బాతు తల ఎత్తింది. సీవర్ట్ ఆగిపోయాడు.

"ఈ చెక్క... పాత పడవది," అన్నాడు మెల్లగా. "మంచి చెక్కే. చాలా సముద్రం చూసింది."

బాతు మెడ కిందికి వాల్చింది. అతను తాడు దూర్చి, ముడి బిగించి, చెక్కసీలను బొటనవేలితో నొక్కాడు. సుత్తిదెబ్బ పడందే అది పూర్తిగా దిగదు. ఊడిపోకుండా దానికి వీపు ఆనించి అక్కడే కూర్చున్నాడు. కాళ్లు లాగుతున్నాయి, లేవమంటున్నాయి. లేవలేదు. పడవలో పోతున్న పొరుగువాడు చప్పుడు చేయకుండా చెయ్యెత్తాడు. ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పక్షులున్న చోట నవ్వకూడదు కాబట్టి నోరు మూసుకుని వంగిపోయాడు. సాయంత్రానికి గాలి తగ్గింది.

బాతుపిల్లలు గూట్లోంచి బయటికొచ్చిన రోజు కూడా గౌను సీవర్ట్ ఒంటిమీదే. తల్లి ముందు, పిల్లలు వెనక, కాకుల్ని తోలుతూ అతను. అవి నీళ్లలో దిగేదాకా రాగ్నా కిటికీలోంచి చూసింది.

"అంతసేపు ఏం మాట్లాడావు దాంతో?"

"పడవల గురించి."

"పాపం, అందుకే కదల్లేదు. నిద్రపోయుంటుంది."

సీవర్ట్ వినలేదు. గౌను విప్పకుండానే సుత్తి వెతుక్కుంటున్నాడు.