నురగ మేస్త్రీ కారు

“నీ సొంత కారులోనే ఏసీ లేదు, నా కారుకేం బాగుచేస్తావయ్యా?”

ఒక పెద్దమనిషి షెడ్డు గుమ్మంలో నిలబడి అడిగేశాడు. నురగ మేస్త్రీకి కోపం రాలేదు. “అద్దాలు దింపుకుంటే గాలి ఉచితం సార్. లీకైనా నష్టం లేదు,” అని సబ్బునీళ్ళ డబ్బాలో గడ్డం బ్రష్షు ముంచాడు.

ఆ బ్రష్షు ఆయన ఆరోప్రాణం. కారు చల్లబడటం లేదని ఎవరొచ్చినా ముందు గ్యాసు నింపడు. లీకెక్కడో తేలాలి. ప్రతి గొట్టానికీ, ప్రతి అతుకుకీ మంగలి శ్రద్ధతో నురగ పూసి, గొంతుక్కూర్చుని, బుడగ లేస్తుందేమోనని చూస్తాడు. ఆయన జపం ముందు కొంగ జపం ఒట్టి చాంచల్యం. “చిల్లికుండలో నీళ్ళు పోసి డబ్బు పుచ్చుకోవడం నాకు చేతకాదు,” అంటాడు.

షెడ్డులో గల్లాపెట్టె చూసే బావమరిదికి మేస్త్రీకి చేతకాని ఆ విద్యే నేర్చుకోవాలని మహా సరదా. వీధి చివరి షెడ్డువాడు లీకుల జోలికి పోకుండా, వచ్చినవాళ్ళకే మళ్ళీ మళ్ళీ గ్యాసు నింపి మేడ కట్టాడని అతని ఏడుపు.

“వాడికి మేడ, మనకి నురగ!”

“నురగ నయం రా. మీద పడ్డా దెబ్బ తగలదు.”

రోగం షెడ్డుతో ఆగితే బాగుండేది. చుట్టాలింటికి వెళితే, కూర్చోమనేలోపే వంటగదిలో దూరి గ్యాసు గొట్టానికి నురగ పూసేవాడు. సైకిలు ట్యూబులు, పిల్లల బంతులు, రైల్లో ఎవరో తల కింద పెట్టుకున్న గాలిదిండు, ఏదీ తప్పించుకోలేదు. పొద్దున గడ్డానికి సబ్బు పూసుకుని కూడా అద్దంలో బుడగ కోసం చూస్తూ ఉండిపోయేవాడు.

“లీకంతా నోట్లో పెట్టుకుని బుగ్గల మీద వెతుకుతారేమిటండీ?” అనేది భార్య.

ఒక మధ్యాహ్నం ఓ టాక్సీ వచ్చింది. ఊళ్ళో సగంమంది నడిపే మోడలే, మేస్త్రీ పాత కారూ అదే. నడిపే ఆవిడ చెమట తుడుచుకుంటూ దిగింది.

“అన్నా, ఆఫీసువాళ్ళని రోజూ తిప్పుతున్నాను. కారు కుంపటిలా ఉందని గొడవ చేస్తున్నారు. రేపు పొద్దున చల్లగా లేకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. ఆ చివరి షెడ్డులో గ్యాసు పోయించీ పోయించీ చేతులు ఖాళీ అయిపోయాయి.”

“నింపేద్దాం బావా, రేపటికి గట్టెక్కుతుంది,” అన్నాడు బావమరిది.

“ఎల్లుండో?”

“ఎల్లుండి మన దగ్గరికే వస్తుందిగా!”

మేస్త్రీ చూసిన చూపుకు డబ్బాలో బుడగలు పేలాయి.

మిగిలిన గ్యాసును సిలిండరులోకి లాగేశాడు. లీకు బయటపడేలా గొట్టాల్లో నైట్రోజన్ వాయువు ఎక్కించి, బ్రష్షు పుచ్చుకుని బానెట్ కింద దూరాడు. కంప్రెసరు దగ్గర బుడగ లేదు. గొట్టాల దగ్గరా లేదు. ఆవిడ బల్ల మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. ఎండ గోడ దిగింది, బుడగ మాత్రం రాలేదు.

“ఇంకాస్త పూస్తే ఆ కారే లేచి గడ్డం కత్తి అడుగుతుంది బావా,” అన్నాడు బావమరిది.

మేస్త్రీ వినిపించుకోకుండా కారు ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గ్యాసుతోపాటు కాస్త నూనె కూడా కారుతుంది, నూనె ఉన్నచోట దుమ్ము పేరుకుంటుంది. ఆ జిడ్డునంతా ఓపిగ్గా తుడిచి, నురగ పూసి, వంగి చూశాడు. ఆయన వీపు అడ్డం కావడంతో వెనకవాళ్ళకేమీ కనిపించలేదు.

“దొరికింది!” అని కేకేశాడు, తప్పిపోయిన బిడ్డ దొరికినట్టు. “ఏం లేదమ్మా, అతుకులో రబ్బరు రింగు పోయింది. కారు వదిలెళ్ళు, పొద్దున్నే వచ్చి తీసుకో.”

బావమరిది నుదురు కొట్టుకున్నాడు. మళ్ళీ రింగే! ఉన్నవాళ్ళ కార్లకు రకరకాల రోగాలు వస్తాయి. చేతిలో డబ్బు ఆడనివాళ్ళు వస్తే మాత్రం ఈ షెడ్డులో ఎప్పుడూ రింగే పోతుంది. ఏం జాతకమో!

మర్నాడు టాక్సీలో కూర్చుంటే పళ్ళు కటకటలాడాయి. ఆవిడ ముఖం వెలిగిపోయింది. వెలిగిపోతూనే రింగు ధర మీద బేరం పెట్టింది.

“రబ్బరు ముక్కకి ఇంతా అన్నా?”

“మంచి రబ్బరమ్మా.”

కాస్త తగ్గించుకుని, తర్వాత ఇస్తానని దర్జాగా వెళ్ళిపోయింది.

సబ్బు అయిపోయింది. తేవడానికని బావమరిది మేస్త్రీ కారు తీయబోయి, రేడియేటరులో నీళ్ళున్నాయో లేదోనని బానెట్ ఎత్తాడు. ఎత్తి, గావుకేక పెట్టాడు.

“బావా! దొంగలు! కారును దోచేశారు!”

ఏసీ పాడైందనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు; తీరా చూస్తే కంప్రెసరు ఉండాల్సిన చోట కంప్రెసరు లేదు. ఏసీ గొట్టాలు లేవు. రేడియేటరు ముందు జల్లెడలా ఉండే కండెన్సరూ లేదు. ఖాళీ చోటునంతా ఎవరో అద్దంలా తుడిచిపెట్టారు.

అన్నం క్యారియరుతో అప్పుడే వచ్చిన అక్క నవ్వింది. “ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నువ్వు పట్టావు. కంప్రెసరు నర్సమ్మ కారుకి పోయింది. గొట్టాలు ట్యూషన్ మాస్టారికి. నిన్న కండెన్సరు ఆ టాక్సీకి. దానిలో ఉన్నదానికి రాయి తగిలి చిల్లిపడిందట.”

“రింగన్నావు కదా బావా!”

“రింగూ మార్చాను రా. అబద్ధమాడలేదు.”

“ఊరికే ఇచ్చానని చెప్పొచ్చుగా?”

“చెబితే మన వీధిలోకి తలొంచుకుని వస్తారు. రింగైతే బేరమాడతారు. చూశావుగా, ఎంత బాగా ఆడిందో!”

దీనికి త్యాగమని పేరుపెడితే మేస్త్రీ ఆ మాటకీ నురగ పూసి పరీక్షిస్తాడు. బావమరిది పెట్టలేదు. బానెట్ మూసి, అద్దాలు దింపి, చెమటలు కక్కుతూ సబ్బు కోసం బయల్దేరాడు. గేటు దగ్గర ఎవరో ఆపి, ఏసీ మేస్త్రీ కారులో ఏసీ లేదేమని అడిగారు.

“అద్దాలు దింపుకుంటే గాలి ఉచితం సార్,” అన్నాడు.

టాక్సీ ఆవిడకు ఆ ఆఫీసు పని నిలిచింది. రింగు డబ్బులు ఇంకా రావాలి.