దిగాక అడగాల్సిన ప్రశ్న

మాది కాకినాడ. ఒకసారి టైమింగ్ బెల్టు తెగి నా కారు ఇంజనే పాడైంది. అప్పట్నుంచి ఎవరి బండి ఎక్కినా దాని గురించి అడగందే ఉండలేను.

కర్నూలు నుంచి కడపకు అద్దె కారులో వెళ్తూ డ్రైవరును అడిగాను: "టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారండీ?"

విననట్టు హారన్ కొట్టాడు. నంద్యాల దాటాక మళ్లీ అడిగాను.

"ఎండ శానా ఉండాది సార్, అద్దం ఎత్తుకోండి" అన్నాడు.

నాకు అనుమానం పట్టుకుంది. ఇంజను కాస్త గట్టిగా మోగినా ఉలిక్కిపడ్డాను. మైదుకూరు దగ్గర మూడోసారి నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టి, పాటల సౌండు పెంచాడు. ఏదో దాస్తున్నాడు, సందేహం లేదు.

కడపలో లాడ్జి ముందు ఇంజను ఆపాడు. కిందికి దిగి, బానెట్టుకు దండం పెట్టుకుని అప్పుడు నోరు విప్పాడు.

"బండి నడుస్తాంటే తెగేదాని మాట ఎత్తగూడదు సార్. మా తాత ఎద్దులబండి తోలేటప్పుడు ఇరుసు మాటే ఎత్తనిచ్చేటోడు కాదు. ఇప్పుడు అడగండి."

అడిగాను.

"మార్చల్యా సార్. గడువు దాటి శానా నాళ్లాయె. ఇట్నే షెడ్డుకు పోతాండా."

తిరుగు ప్రయాణం బస్సులో చేశాను. ప్రశ్న నోటిదాకా వచ్చింది కానీ, బస్సు కర్నూలులో ఆగేదాకా డ్రైవరును ఏమీ అడగలేదు.