మా పిల్ల మైకు పట్టిన రోజులు

మా అక్కకు ఒంట్లో నలతగా ఉందంటే చూసి వద్దామని పోయిన వారం మార్కాపురంలో గిద్దలూరు బస్సెక్కినాను. కంభం దాటినాక నా ముందు సీట్లోని ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు ఫోనులో ఒక పాట పెట్టుకున్నారు. పాట అనడానికి అందులో రాగమేమీ లేదు, తాళం మీద మాటలు పరుగెత్తుతున్నాయి, అవన్నీ మన పడమటి వైపు మాటలే, ‘ఏంది’ అనీ ‘పోయినాడు’ అనీ ‘అట్ల గాదు’ అనీ. ఆ పిల్లలు ఒక్క మాట పొల్లుపోకుండా పెదవులు కదుపుతున్నారు. ఆ గొంతు నా కూతురిది. చెబుదామని ముందుకు వంగి కూడా, ఎందుకో మళ్ళీ వెనక్కి ఆనుకొని కూర్చున్నాను. దీన్ని ర్యాప్ అంటారని నాకు తెలిసిందే మొన్న మొన్న, ఆ పిల్ల ఈ పాట దాకా ఎట్ల వచ్చిందో గిద్దలూరు వచ్చే లోపల చెప్పగలిగే సంగతి కాదు. మీకైతే నెమ్మదిగా చెప్పుకోవచ్చు.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ఊళ్ళో ఏ కబురైనా మైకు మీదనే వచ్చేది. రిక్షా మీద రెండు రేకు గొట్టాలు కట్టి, కాళ్ళ దగ్గర బ్యాటరీ పెట్టుకొని, సినిమా మారినా, బట్టల దుకాణం తెరిచినా, సువార్త సభలు జరిగినా, ఎవరైనా కాలం చేసినా, మార్కాపురంలో వీధి వీధికీ తిరిగి చెప్పిన వాళ్ళలో నేనొకణ్ణి. మా నాయన పలకల గనిలో రాయి తీసినాడు, మా అమ్మ ఫ్యాక్టరీలో పలకలకు చెక్కలు బిగించింది, నన్నూ అందులోనే పెట్టినారు గానీ ఆ రాతి దుమ్ము నాకు పడలేదు, ఆరు నెలలు దగ్గి దగ్గి ఇంట్లో కూర్చున్నాను. ఆదివారం చర్చిలో నేను వాక్యం చదవడం విని, మైకు సెట్టు అద్దెకిచ్చే ఆయన ఒకరు నన్ను పిలిపించినాడు. అట్ల పట్టిన మైకును ముప్పై ఏండ్లకు పైగా వదల్లేదు, రిక్షాలు పోయి ఆటోలు వచ్చినా వదల్లేదు.

చీటీలో రాసింది రాసినట్టు చదివితే ఎవరూ తల తిప్పరని నాకు తొందరగానే తెలిసింది. మాటకు ఒక నడక ఉండాలి. “చిన్నదానికి గౌను, పెద్దదానికి ఓణీ, ఇంటామెకు చీర, ఇంటాయనకు పంచె, అందరికీ ఒకటే గడప” అంటూ నేను పోతుంటే, చేటలో బియ్యం పట్టుకొని ఒకామె, తలకు సబ్బు నురగతో ఒకాయన, ముద్ద నోట్లో ఉండగానే పిల్లలు, అట్ల వాకిళ్ళలోకి వచ్చేవాళ్ళు. ఏ మాటకు ఏ ఇంటి తలుపు తెరుచుకుంటుందో కూడా నాకు తెలుసు. చావు కబురైతే మాత్రం నిదానంగా, పేరును రెండుసార్లు చెప్పి, రిక్షాను నడకలో పోనిమ్మనేవాణ్ణి.

పెండ్లయిన చాన్నాళ్ళకు పుట్టిన ఒక్కతే కూతురు నాకు. నేను పొద్దున చీటీలు సర్దుకుంటుంటే పక్కన కూర్చొని, ఇక్కడ మాట బరువైంది నాయనా, అక్కడ ఊపిరి అందదు నాయనా అంటూ మాటలు అటూ ఇటూ మార్చేది. ఆ పిల్ల ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా నా గొంతు పోయింది. గొంతులో కాయల్లాంటివి లేచినాయని, నెల రోజులు గుసగుసగా కూడా మాట్లాడొద్దని ఒంగోలు డాక్టరు చెప్పినాడు. అప్పటికే దుకాణాల వాళ్ళు రికార్డు చేసిన కబుర్లకు అలవాటు పడుతున్నారు, నెల రోజులు నేను కనబడకపోతే ఇక పిలిచేవాళ్ళుండరు. ఏం చెయ్యాలో తోచక నేను కూర్చొని ఉంటే, ఆ పిల్ల ఓణీ నడుముకు చుట్టుకొని వెళ్ళి ఆటోలో కూర్చుంది. వద్దనడానికి నాకు గొంతు లేదు. కాలేజీ లేని పూటల్లా ఆమె చెప్పింది, నేను పక్కన మూగవాడిలా కూర్చున్నాను.

ఆ నెలలోనే ఎవరిదో బర్రె తప్పిపోయింది. చీటీలో రెండు ముక్కలే రాసి ఇచ్చినారు, దాన్ని ఆ పిల్ల చెప్పిన తీరు నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

“నల్ల బర్రె, తెల్ల నుదురు, ఎడమ కొమ్ము వంకర, కంభం దారిన పోయిందంట, కనబడితే చెప్పండి. కట్టేసినోళ్ళు విప్పండి, విప్పినోళ్ళు చెప్పండి!”

బర్రె రెండో రోజే దొరికింది గానీ ఆ మాటలు మాత్రం ఊరి పిల్లల నోళ్ళలో ఉండిపోయినాయి. గోలీలాడుతూ పాడినారు, బడికి పోతూ పాడినారు. పక్కన కూర్చొని వింటుంటే నాకు ఎంత గర్వంగా ఉండిందో చెప్పలేను. అయితే కొన్నాళ్ళకు ఆ పాటే ఎగతాళి అయింది, కాలేజీలో మగపిల్లలు ఆమెను చూసి బర్రెలాగా అరిచేవాళ్ళంట. మా అక్క గిద్దలూరు నుంచి వచ్చి, తను చూసిన సంబంధం వాళ్ళు మైకు పట్టుకొని బజార్లు తిరిగే పిల్ల మాకొద్దన్నారని కండ్లనీళ్ళు పెట్టుకుంది. నా గొంతు సగం కోలుకున్న రోజది. బయటికి పోయి, ఆటోలో కూర్చొని ఉన్న నా కూతురి చేతిలోంచి మైకు తీసుకున్నాను.

“ఇంక చాలు దిగమ్మా” అన్నాను. ఆమె దిగి ఇంట్లోకి పోయింది. ఆ తర్వాత నా చీటీల దగ్గర కూర్చోలేదు.

డిగ్రీ అయినాక హైదరాబాదులో ఫోన్లలో మాట్లాడే ఉద్యోగం వచ్చిందని పోయింది. అక్కడ ఆమె మాటతీరుకు నవ్వినారంట. నెలలోపల మా పిల్ల ఫోనులో మాతో కూడా ‘వచ్చాడు, వెళ్ళాడు’ అని మాట్లాడుతుంటే మా ఆవిడ నా ముఖం చూసేది. హాస్టల్లో పక్క మంచం పిల్ల వెంట ర్యాప్ పాడే వాళ్ళ దగ్గరికి పోవడం మొదలు పెట్టిందని మాకు తెలియనే తెలియదు. వాళ్ళ మెప్పు కోసం ఊరి మాటలన్నీ తీసేసి, తనకు తెలియని వీధుల గురించి, తను ఎక్కని కార్ల గురించి రాసుకుందంట. మొదటిసారి స్టేజీ ఎక్కిన రోజున నాలుగో లైను దగ్గర మాట ఆగిపోయింది. తాళం నడుస్తూనే ఉంది, ఈమె మైకు పట్టుకొని నిలబడిపోయింది. ముందు వరసలో ఎవరో ఈల వేసినారు, తర్వాత హాలంతా అరిచింది, దాన్ని ఎవరో ఫోనులో తీసి అందరూ చూసేటట్టు పెట్టినారు.

ఉద్యోగం వదిలేసి ఇంటికి వచ్చింది. రెండు నెలలు గడప దాటలేదు. పిలిస్తే పలికేది కాదు, పెట్టింది తినేది కాదు, తల దువ్వుకోవడం కూడా మానేసింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి పోయినాడు, డాక్టరమ్మ మందులిచ్చింది, వాటి వల్ల నిద్రయితే పట్టింది గానీ మాట రాలేదు. మా ఆవిడ ఒకనాడు అన్నం గిన్నె నా ముందు పెట్టి, “ఊరందరికీ చెప్పినావు గదయ్యా, నీ బిడ్డకు ఏందన్నా చెప్పుకోరాదా” అన్నది.

మధ్యాహ్నం పోయి ఆమె మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. నేనై ఎవరికీ చెప్పుకోని పాత సంగతి ఒకటి నా దగ్గర ఉండింది, సిగ్గుపడి మా ఆవిడకు కూడా చెప్పలేదు. అదే చెప్పినాను.

నేను మైకు పట్టిన నాలుగో రోజు. ధాన్యం కొట్టు పెద్దాయన వాళ్ళమ్మ కాలం చేసింది, కబురు చెప్పమని చీటీ పంపినాడు, కింద తన పేరు రాసినాడు. నేను తడబాటులో కింది పేరును పైకి ఎక్కించి, ఆ పెద్దాయనే పోయినాడని నాలుగు వీధుల్లో చెప్పి వచ్చినాను. జనం దండలు పట్టుకొని ఆయన ఇంటికి పరుగెత్తినారు. ఐదో వీధి మొదట్లో భుజాన తువ్వాలు వేసుకొని ఆయనే నా రిక్షాకు అడ్డం వచ్చి నిలబడినాడు.

“ఏమిరా, నేనెప్పుడు పోయినా?”

నేను పారిపోదామని దిగితే చెయ్యి పట్టుకొని మళ్ళీ ఎక్కించి, తనూ నా పక్కన ఎక్కి కూర్చున్నాడు. తల్లి శవం ఇంట్లో ఉంది, ఆయన కండ్లు ఎర్రగా ఉన్నాయి. నేను కొత్త వీధిలోకి తిప్పమంటే ఆయన ఒప్పుకోలేదు. “తప్పు చెప్పిన వీధుల్లోనే ముందు చెప్పాల. పా” అన్నాడు. ఆ నాలుగు వీధుల్లోనూ ఆయన అందరికీ కనబడేటట్టు నిటారుగా కూర్చున్నాడు, నేను ఆయన తల్లి పేరును రెండుసార్లు చెబుతూ పోయినాను.

చెప్పడం అయ్యేసరికి మంచం కదులుతోంది. ఏడుస్తోందేమోనని చూస్తే, నా కూతురు నోటికి దుప్పటి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది.

“బతికున్నాయన్ను పక్కన పెట్టుకొని తిరిగినావా నాయనా?” అన్నది. రెండు నెలల తర్వాత మొదటి మాట అది, మా భాషలోనే అన్నది. అప్పుడే నేను ఇంకొక తప్పు కూడా ఒప్పుకున్నాను. ఆ రోజు ఆటోలో నీ చేతిలోంచి మైకు తీసుకోవడం నా తప్పేనమ్మా, నలుగురి మాటకు భయపడి చేసినాను అన్నాను. ఆమె లేచి కూర్చొని తల దువ్వమని వాళ్ళమ్మను పిలిచింది.

వెంటనే అంతా బాగైపోయిందని చెబితే అబద్ధమవుతుంది. మందులు ఏడాది పైన వాడింది, మంచి రోజులూ చెడ్డ రోజులూ వచ్చినాయి. కానీ ధాన్యం కొట్టు పెద్దాయన కథను రాసుకుంది, మన యాసలోనే రాసుకుంది, తను ఆగిపోయిన హాలుకే మళ్ళీ పోయి పాడింది. ఈసారి నన్నూ తీసుకుపోయింది. చుట్టూ పిల్లలే, నేనొక్కణ్ణే పంచె కట్టుకున్నవాణ్ణి. నాలుగో లైను దగ్గర నేను ఊపిరి బిగబట్టినాను, ఆమె దాన్ని దాటేసింది. “నేనెప్పుడు పోయినా” అనే మాట వచ్చిన ప్రతిసారీ హాలు హాలంతా ఆమెతో కలిసి అరిచింది. బస్సులో ఆ ఆడపిల్లలు పెట్టుకున్నది ఈ పాటే. ఇప్పుడు కాలేజీల వాళ్ళు పిలుస్తున్నారు, ఇంకా పెద్ద పేరేమీ రాలేదు, మళ్ళీ హైదరాబాదులోనే ఉండి, పొద్దున పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూనే పాడుతోంది.

మొన్న వచ్చినప్పుడు, ఎదుట మనిషి లేకుండా గదిలో కూర్చొని ఫోనులోకి పాడితే నీకెట్లుంటుందమ్మా అని అడిగినాను. వాకిళ్ళలోకి జనం వచ్చినారనుకొని పాడతా నాయనా అన్నది. ఆ మాటకు నాకు సంతోషమూ వేసింది, ఇంకేదో కూడా వేసింది. సాయంత్రం నేను మైకుతో తిరిగిన వీధుల వెంట ఊరికే నడిచి వచ్చినాను. తలుపులన్నీ వేసి ఉన్నాయి, లోపల టీవీలు మాట్లాడుతున్నాయి, గేట్ల మీద కెమెరాలు నన్ను చూస్తున్నాయి. చేటతో వచ్చే ఆమె లేదు, సబ్బు నురగతో వచ్చే ఆయన లేడు, వాళ్ళలో చాలామంది చావు కబురు ఇదే వీధుల్లో చెప్పింది నేనే. ఇప్పుడు ఎవరైనా పోతే ఫోనులోకి ఫోటో వస్తుంది, దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడతాయి, ఊరు మాత్రం చప్పుడు లేకుండా తన పని తాను చేసుకుపోతుంది. అట్లాంటిది వచ్చినప్పుడు నేను లేచి కూర్చొని, ఆ పేరును పైకి, నిదానంగా, రెండుసార్లు చదువుతాను. వంటింట్లో మా ఆవిడ చేస్తున్న పని ఆపి, ఎవరంట అని అడుగుతుంది.