కోచ్ సాబ్ జెర్సీకి గంజి పెట్టిన వైనం

ఆ రోజుల్లో ఎదుటి మనిషి ఎలాంటివాడో నేను చొక్కా కాలరు చూసి తేల్చేసేవాణ్ణి. తెల్లగా ఉంటే పెద్దమనిషి, మాసి ఉంటే పాపం ఎవరూ లేనివాడు. ఇరవై మూడేళ్ళ వయసులో కడప నుంచి మస్కట్ చేరి, ఘుబ్రాలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో ఆటగాళ్ళ బట్టలూ బూట్లూ చూసే పనికి కుదిరాక ఈ తెలివి ఇంకాస్త ముదిరింది. మూడు నెలలు పని చూసి, నచ్చితేనే ఉంచుకుంటామన్నారు. అందుకని అడగని పనులు కూడా మీద వేసుకునేవాణ్ణి. (అడగని పని ఎంత ప్రమాదమో అప్పటికి తెలియదు.)

మా కోచ్ సాబ్ ఇటలీ ఆయన. అరవైకి దగ్గరపడ్డ మనిషి, కుడికాలు కాస్త ఈడుస్తూ నడిచేవారు. ఒకప్పుడు పేరున్న మిడ్‌ఫీల్డరట. "గోల్ కొట్టినోడికి ఫోటో, నడుమ పరిగెత్తినోడికి మట్టి," అని మా దగ్గర నేర్చుకున్న ముక్కల హిందీలో నవ్వేవారు. స్టోర్ రూమ్ తలుపు వెనక మేకుకి ఆయన పాత తెల్ల జెర్సీ వేలాడేది, ఛాతీ నిండా ఎండిన మట్టితో. ప్రతి మ్యాచ్‌కీ ముందు దాన్ని ఓసారి తాకి వెళ్ళేవారు. నాకు మాత్రం అందులో ఒంటరి మగవాడి మాసిన బట్ట తప్ప ఇంకేమీ కనిపించలేదు.

ఒక గురువారం దాన్ని సంచిలో పెట్టుకుని వాడి కబీర్‌లో మా రూమ్‌కి పట్టుకెళ్ళాను. రూమ్‌లో నాతోపాటు ఉండే మా చిన్నాయన అన్నం వారుస్తున్నాడు.

"ఎవరిదిరా అది? బర్రెలు కడిగిన గుడ్డ మాదిరుండాది."

"మా కోచ్ సాబ్‌ది చిన్నాయనా. పాపం, ఉతికేవాళ్ళు లేరు."

"అట్లయితే వుత్తగా ఉతికితే ఏం బాగుంటాది? ఈ గంజి పెట్రా. పెద్దాయన గదా, చొక్కా నిలబడల్ల!"

నానబెట్టి, రుద్ది, నీలిమందు వేసి, ఆ గంజిలోనే ముంచి ఆరేసి, ఇస్త్రీ చేశాను. జెర్సీ నిజంగానే నిలబడింది. తెచ్చి మళ్ళీ ఆ మేకుకే తగిలించాను.

శనివారం ఖబూరాలో మ్యాచ్. బయలుదేరే ముందు కోచ్ సాబ్ తలుపు వెనక చెయ్యి పెట్టి ఆగిపోయారు.

"మట్టి ఏది?"

"పూరా సాఫ్, సాబ్!" అన్నాను గర్వంగా.

ఆయన బల్ల మీద కూర్చుండిపోయారు. మెల్లగా చెప్పారు. "నా ఆఖరి మ్యాచ్ మట్టి అది. మా ఊరి గ్రౌండ్. ఒకటే వాన. నాన్న గొడుగు పట్టుకుని చూస్తున్నాడు. ఆ రోజే మోకాలు పోయింది. ఇప్పుడు ఆ గ్రౌండ్ లేదు, నాన్నా లేడు." నిజం చెప్పొద్దూ, ముందు నాకు ఉద్యోగం పోతుందన్న భయమే వేసింది. తర్వాత ఆయన ముఖం చూస్తే ఏడుపు ఆగలేదు. "నన్ను పంపేయండి సాబ్," అన్నాను. ఆయన జెర్సీని సంచిలో పెట్టుకున్నారు.

ఖబూరాలో సరదా మ్యాచే. రెండో సగంలో మావాడొకడికి కాలు బెణికింది, దించడానికి ఇంకో మనిషి లేడు. కోచ్ సాబ్ లేచి, సంచిలోంచి జెర్సీ తీసి తొడుక్కున్నారు. నడుస్తుంటే అప్పడం విరిగినట్టు చప్పుడు! (నేను భూమిలోకి కుంగిపోయాను.) పావుగంట కుంటుతూనే నడుమ అంతా తిరిగారు. చెమటకి గంజి కరిగింది, ఆయన ఒకసారి జారి బోర్లా పడ్డారు, ఖబూరా దుమ్ము ఛాతీకి జిగురు పెట్టి అంటించినట్టు అంటుకుంది. మ్యాచ్ ఓడిపోయాం. ఆయన మాత్రం ఆ ఛాతీ చూసుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, నన్ను గట్టిగా వాటేసుకున్నారు.

"ఇది మాత్రం ఉతకొద్దు. రేపు డ్యూటీకి రా," అన్నారు.

రెండేళ్ళ తర్వాత ఆయన ఆ జెర్సీతోనే తన దేశం వెళ్ళిపోయారు. ఆ రోజు ఖబూరాలో వాటేసుకున్నప్పుడు సగం దుమ్ము నా చొక్కాకి అంటుకుంది. దాన్ని నేనూ ఉతకలేదు. మొన్న బీరువా సర్దుతూ మా ఆవిడ దాన్ని బయటికి లాగింది.

"ఎన్నాళ్ళు దాస్తారు ఈ మాసిన చొక్కా? ఇట్లియ్యండి, ఉతికేస్తా."

"ముట్టుకోవద్దు!" అని నేను అరిచిన అరుపుకి పాపం అదిరిపోయింది. చొక్కా లాక్కుని మళ్ళీ మడత పెట్టాను. కాలరు బాగా మాసిపోయింది. చూసినవాళ్ళు ఇది ఎవరూ లేనివాడిదనుకుంటే అనుకోనీ.