జండా కంటే పెద్ద చిలుక

గాలివాన వెలిసిన మూడో రోజు పొద్దున్న మా వంటింటి వెనుక, తడిసిన చెరకాకుల కుప్పలో పిల్లి దేన్నో పట్టుకుని పీకుతుంటే చీపురు విసిరాను. పిల్లి పారిపోయింది. ఆకుల్లో ఒక చిలుక మిగిలింది. మా దీవి అడవుల్లో ఎగిరే పెద్ద రకం కాదు, గుప్పెట్లో ఇమిడేంత చిన్నది, పట్నాల్లో పంజరాల్లో పెంచుకునేది. ఒళ్ళు పచ్చ, మొహం పసుపు, ఎడమ రెక్క కింద నెత్తురు. కొంగులో చుట్టి లోపలికి తెచ్చుకున్నాను. మా ఊరు వునిమోలిలో ఎన్నో ఇళ్ళ రేకులు ఆ గాలికి చెరుకు తోటల్లోకి ఎగిరిపోయాయి. మా కప్పు నిలిచింది. అది చాలదన్నట్టు ఒక ప్రాణాన్ని కాపాడే పని కూడా స్వామి నా చేతికే ఇచ్చాడు. ఆ పూట దీపం ముందు రెండుసార్లు దండం పెట్టుకున్నాను.

నాకు తెలిసిన వైద్యమే చేశాను. గాయానికి పసుపు అద్ది, అరువు తెచ్చిన పంజరంలో పెట్టి ముందు వసారాలో వేలాడదీశాను. పిట్ట కాళ్ళు ఎండిన పుల్లల్లా పొలుసులు లేచి ఉన్నాయి. ముక్కు మొదట్లో ఉండే మెత్తటి చోట గోధుమరంగు పెచ్చు కట్టి ఉంది. మూడు రోజులు బురదలో పడి ఉండటం వల్ల అలా అయ్యిందనుకున్నాను. మా ఇళ్ళలో పసిబిడ్డలకు నలుగు పెట్టే అలవాటు ఇంకా పోలేదు. అదే పద్ధతిలో రోజూ పూజకు ముందు కొబ్బరినూనెలో చిటికెడు పసుపు కలిపి, వేలి కొసతో ఆ కాళ్ళకూ ముక్కుకూ రాసి, దూదితో మెల్లగా తుడిచేదాన్ని. వారానికి పెచ్చు ఊడింది. మూడు వారాలకు కాళ్ళు నున్నగా నిగనిగలాడాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నాకు బడి లేదు. నాన్న పలక మీద దిద్దించిన తెలుగు అక్షరాలే నా చదువు. మా ఇంట్లో అందరిదీ హిందీ మాటే. నేను భక్తి పుస్తకం పైకి చదువుకుంటే వినేవాళ్ళు లేరు. ఈ చిలుక, మా ఇంటి హిందీలో సుగ్గా, నా భుజం మీద కూర్చుని, నేను పద్యం ఆపితే కిచకిచమనేది, మొదలుపెడితే ఊరుకునేది. అందుకని, దారిన పోయేవాళ్ళెవరూ చూసి తమదనకుండా, పంజరాన్ని ముందు వసారాలోంచి వెనుక వైపుకు మార్చాను. పిల్లి భయమని మా ఆయనతో చెప్పాను. పిల్లి వెనుక వైపే తిరుగుతుందని ఆయనకూ తెలుసు.

మంగళవారం భజనలో చిలుక సంగతి నోరుజారి చెప్పాను. గురువారానికల్లా వాగు అవతలి పెద్దామె వచ్చింది. భర్త పోయి ఏడాదైన మనిషి, మా అత్తగారి ఈడు. గుమ్మంలో చెప్పులైనా విడవకుండా వెనక్కి నడిచి పంజరం ముందు నిలబడింది.

"ఇది మాదే కదే పిల్లా!"

"ఏం గుర్తు అత్తా?"

"సుగ్గాకి గుర్తేంటి? పచ్చగా ఉంది, కనపడట్లా?"

"పచ్చగా లేని సుగ్గా ఎక్కడుంది అత్తా?"

"చదువుకున్నదానివి, మాటలు బాగా వచ్చు నీకు," అంది. "మా మనిషి దీన్ని సువా నుంచి ఓడలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. అప్పటికింకా దొరల జండాయే. స్వతంత్రం వచ్చి కొత్త జండా ఎగిరిన రోజున రేడియో వింటూ దీనికి పాయసం మెతుకులు తినిపించాడు. ఇది జండా కంటే పెద్దది. మొన్నటి గాలికి పంజరం దొర్లి తలుపు ఊడింది. తెలిసిందా?"

"గాలి వచ్చి మూడు వారాలైంది కదా. ఇన్నాళ్ళూ వెతకలేదా?"

"నువ్వు వెనక్కి దాచి పెట్టుకుంటే ఎక్కడ వెతకను?"

దాచింది నిజమే. కానీ ఆమె మాట మీద అనుమానం మాత్రం గట్టిపడింది. రెక్క నయమయ్యాకే వచ్చింది. ఇనప గ్లాసు మీద గోరుతో తడితే వాళ్ళ చిలుక పరుగెత్తుకొచ్చేదట. తట్టి చూపించమన్నాను. తట్టింది. చిలుక అటు తిరగనైనా లేదు.

"నీ ఇంటి వాసన పట్టి మరిచిపోయింది," అంది.

సాయంత్రం మా ఆయన అంతా విని నవ్వాడు. "ఆమె దగ్గర ఖాళీ పంజరం, నీ దగ్గర పిట్ట. ఇచ్చెయ్యరాదూ?"

"ఖాళీ గిన్నె ఉన్నవాళ్ళందరూ వచ్చి నా అన్నం వాళ్ళదే అంటే ఇచ్చేస్తారా?"

"నీ అన్నమో కాదో ముందు తేల్చుకో," అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు, కానీ దారి చూపించింది. ఆమె చిలుకకు జండా కంటే ఎక్కువ వయసుండాలి. నా చిలుక చిన్నదని తేలితే ఆమె మాట అక్కడితో ఆగిపోతుంది.

లబాసా పట్నంలో ఒకాయన చెరకు మిల్లులో పని మానేశాక ఇంటి వెనుక ఇలాంటి చిలుకల్ని పెంచుతున్నాడు. శనివారం పెద్దామె, నేను బస్సెక్కాం. పంజరం నా ఒళ్ళో ఉంది. ఆమె దారి పొడుగునా దాని పైకొక్కెం మీద చెయ్యి తియ్యలేదు.

ఆయన హిందీ మనిషి, నిదానస్తుడు. పిట్టను గుడ్డలో పట్టుకుని వెలుతురుకు తిప్పాడు.

"నుదుటి మీద చూడు. పిల్ల పిట్టకైతే ముక్కు దాకా నల్ల గీతలుంటాయి. దీనికి లేవు. కంట్లో తెల్ల వలయం వచ్చేసింది. అంటే ఏడాది దాటినట్టే."

"ఎంత దాటింది కాకా?"

"ఇక్కడి నుంచి తల ఏమీ చెప్పదు బేటీ. కాళ్ళు చెప్పాలి. ముసలైతే కాళ్ళు గరుకుతేలి పొలుసులు లేస్తాయి. ఆడదైతే ముక్కు మీద పెచ్చు కడుతుంది. ఇది ఆడదే, అయినా ముక్కు శుభ్రం, కాళ్ళు నున్నన. రెండేళ్ళు. మించితే మూడు."

"జండా కంటే పెద్దది కాదా?" అని అడిగింది పెద్దామె.

"జండాకి ఐదేళ్ళు దాటాయి అమ్మా. దీనికంత లేదు."

ఆయన పిట్టను మళ్ళీ పంజరంలో వదిలాక పెద్దామె కొక్కెం మీది చెయ్యి తీసేసింది. నేను పంజరం అందుకుని దణ్ణం పెట్టి గేటు దాకా వచ్చాను. గెలిచానన్న సంతోషం గేటు దాకానే. పొలుసులు, పెచ్చు. ఆయన ముసలితనానికి చెప్పిన గుర్తులు రెండూ నా దూదికి అంటుకుని పోయినవే. ఇది నాకు తప్ప ఆ పెరట్లో ఎవరికీ తెలియదు. చెప్పకపోతే అబద్ధం ఆడినట్టు కాదు కదా అని ఒక క్షణం అనుకున్నాను. రేపు పొద్దున్న దీపం ముందు ఏ మొహంతో కూర్చోను?

వెనక్కి తిరిగాను. "కాకా, నేను రోజూ దీని కాళ్ళకి నూనె రాస్తున్నాను."

"కోంచి? ఏం రాస్తున్నావు?"

"కొబ్బరినూనె, పసుపు. వచ్చినప్పుడు పొలుసులున్నాయి. ముక్కు మీద పెచ్చూ ఉంది. బురదనుకుని తుడిచేశాను."

ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. పెద్దామె మాత్రం ఒక్కసారిగా లేచింది.

"నాకు తెలుసు! ఏదో చేసిందని నాకు ముందే తెలుసు! నా ముసలిదానికి నలుగు పెట్టి పెళ్ళికూతుర్ని చేసింది కాకా!"

"కావాలని చెయ్యలేదత్తా."

"కావాలని కాక, వసారాలోంచి వెనక్కి కూడా అదే నడిచిందా?"

ఆయన ఇద్దర్నీ ఆపాడు. నూనె మానేసి రెండు నెలలు చూడమన్నాడు. ముసలిదైతే పొలుసులు మళ్ళీ వస్తాయి. అప్పటిదాకా తన దగ్గర వదిలి వెళ్ళమన్నాడు. వద్దని ఇద్దరం ఒకేసారి అన్నాం. ఆయన వెనుక గూళ్ళలో నలభై దాకా పచ్చ చిలుకలున్నాయి, అన్నీ ఒకే అచ్చు. రెండు నెలల తర్వాత ఆయన ఏది చేతిలో పెడితే అదే మాదని నమ్మాలి. ఆ రోజు మేమిద్దరం ఏకమైంది ఆ ఒక్క అనుమానం దగ్గరే.

చిలుక నా దగ్గరే ఉండేట్టు, ఆమె వచ్చి చూసుకునేట్టు ఒప్పుకున్నాం. రోజు విడిచి రోజు వచ్చేది. పిట్ట కాళ్ళు వాసన చూసేది. తర్వాత నా చేతివేళ్ళు వాసన చూసేది.

"కొబ్బరి వాసనే."

"పచ్చడి నూరానత్తా. రోలు చూసుకో."

వెళ్ళి నిజంగానే రోలు చూసింది. ఆమె మీద నాకూ నమ్మకం లేదు. గరుకు రావాలని కాళ్ళకు బూడిదో మట్టో రుద్దుతుందేమోనని ఆమె పంజరం దగ్గరున్నంత సేపూ పక్కనుంచి కదిలేదాన్ని కాదు.

ఆరో వారానికి పొలుసులు లేచాయి. ముందు నేనే చూశాను. ముక్కు మీద గోధుమరంగు మొదలైంది. డబ్బాలో నూనె ఉంది, చిటికెడు పసుపు ఉంది, ఆమె రావడానికి ఇంకో రోజుంది. ఆ రోజంతా డబ్బా వైపు చూడకుండా గడిపించినందుకు స్వామికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మర్నాడు ఆమె రాగానే పంజరం తెచ్చి ముందు పెట్టాను. "చూడత్తా, వచ్చాయి."

కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుంది.

"వచ్చాయే పిల్లా. కానీ మా సుగ్గా కాళ్ళు ఎలా ఉండేవో నాకు తెలీదు."

"అదేంటి?"

"అంతా ఆయనే చూసేవాడు. నేను దానికి నీళ్ళైనా పెట్టలేదు. ఎప్పుడూ దాంతోనే మాటలని దాని మీద కోపంగా ఉండేది నాకు."

"మరి మాదే అన్నావుగా!"

"పచ్చగా ఉంది కదా అనిపించింది. తలుపు ఊడిన పంజరం అలా వేలాడుతుంటే ఆయన వచ్చి అరుస్తాడేమో అనిపిస్తుందే."

నాకు కోపం రావలసింది. ముసలి చిలుక అయినంత మాత్రాన ఆమె చిలుక అయిపోదు, ఆ మాట ఇప్పుడు ఆమే ఒప్పుకుంది. పంజరం లోపల పెట్టేసుకుంటే కాదనేవాళ్ళు లేరు. జాలి పుట్టించడానికే ఈ మాటన్నదా అని కూడా అనుమానం వచ్చింది; ఆ అనుమానం ఈనాటికీ పూర్తిగా పోలేదు. కానీ నేను గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరగడానికి ఎంత కష్టపడ్డానో, కళ్ళజోడు తీసి ఆ మాట చెప్పడానికి ఆమె కూడా అంతే కష్టపడి ఉంటుంది.

"తీసుకెళ్ళు అత్తా," అన్నాను. "కానీ రోజు విడిచి రోజు వచ్చి చూస్తాను. నీళ్ళు మార్చావో లేదో, గింజలు వేశావో లేదో."

"నా మీద అనుమానమా?"

"అవునత్తా."

"ఠీక్ హై," అంది పంజరం ఎత్తుకుంటూ. "వచ్చేటప్పుడు ఆ పుస్తకం తెచ్చుకో. నువ్వు చదవందే ఇది నోరు మూయదని నీ మొగుడు చెప్పాడు."

మా ఆయన ఆమెకు ఆ సంగతి ఎప్పుడు చెప్పాడో, ఇంకా ఏమేం చెప్పాడో సాయంత్రం గట్టిగా అడగాలనుకుంటూ, ఆమె వాగు దాటేదాకా గుమ్మంలో నిలబడ్డాను.