తొమ్మిది గజాల తానుకి ఎన్ని కోతలు

నిన్న మా మేనకోడలు ఫోనులో ఒక పాత సినిమా ముక్క పంపింది, దాని కింద ఊరూ పేరూ లేని జనం పడీపడీ నవ్వుతూ రాసిన రాతలు చదివేసరికి బీపీ సంగతి కూడా మరిచిపోయి ఒళ్ళంతా భగ్గుమంది. అందులో బట్టల కొట్టు యజమాని కూతురు హీరోని అడుగుతుంది, తొమ్మిది గజాల తానుని గజం గజం ముక్కలుగా చెయ్యాలంటే ఎన్నిసార్లు కత్తిరించాలి అని. హీరో చిటికేసి తొమ్మిది అంటాడు, ఆ పిల్ల అక్కడికక్కడే ప్రేమలో పడిపోతుంది. ఈ లెక్క రాసిన మహాతల్లి ఎవరో చూడండంటూ టైటిల్స్‌లోంచి నా పేరు తీసి మరీ అతికించారు.

ఆ మహాతల్లిని నేనే, కానీ నేను రాసింది ఎనిమిది! ఎనిమిదో కోతకి చివరి రెండు గజాలూ విడిపోతాయి, ఇంకా కత్తిరించడానికి ఏముంటుంది నా తలకాయ? అసలా లెక్క మా నాన్నది. ఆయన లెక్కల మాస్టారు, చిక్కుడుకాయలు ఒలుస్తూనో బస్సు కోసం నిలబడో ఇలాంటిదొకటి నామీదికి విసిరేవారు, జవాబు తప్పయితే తప్పనేవారు కాదు, మళ్ళీ చూడమ్మా అనేవారు.

సినిమావాళ్ళు మద్రాసు నుంచి ఒక్కొక్కరే ఫిల్మ్ నగర్‌కి దిగుతున్న ఆ ఎనభైల చివర్లో నేను ఒక మాటల రచయితగారి దగ్గర సహాయకురాలిని. రహమత్ నగర్‌లో మా అద్దె ఇంటి నుంచి బండరాళ్ళ మధ్య దారిన జూబ్లీ హిల్స్ గెస్ట్ హౌస్‌కి నడిచి వెళ్ళి, కథాచర్చల్లో మగవాళ్ళ సిగరెట్ పొగంతా మింగి పేజీలకి పేజీలు రాసేదాన్ని, తెరమీద పేరు మాత్రం ఆయనది. ఈ సినిమాకి నా పేరూ వేస్తామన్నారు. అది మా నాన్నకి చూపించాలన్నదే నా ఆరాటమంతా.

కొబ్బరికాయ కొట్టి తీసే మొదటి షాట్‌కి ఈ సీనే పెట్టుకున్నారు. తీరా హీరో నోరు తెరవబోతుంటే నిర్మాతగారు ఆగండాగండంటూ పరుగెత్తుకొచ్చారు. ఎనిమిది శని అంకెట, ముహూర్తపు షాట్‌లో హీరో నోట రాకూడదట, ఆయనకి కలిసొచ్చిన తొమ్మిదే అనాలట. సరే, తానుని పది గజాలు చెయ్యండి, జవాబు తొమ్మిదే వస్తుంది అన్నాను. పదిలో ఒకటీ సున్నా కలిపితే ఒకటే కదా, ప్రశ్నలోనూ తొమ్మిదే ఉండాలి, జవాబులోనూ తొమ్మిదే ఉండాలి అన్నారు! నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"హాల్లో లెక్కలెవడేస్తాడమ్మాయ్, ఈలలేస్తారు గానీ. వర్జ్యం వచ్చేస్తోంది, తప్పుకో."

అయితే నా పేరు తీసెయ్యండి అన్నాను. పేరు కోసం కొట్టుకు చచ్చే ఆ లోకంలో పేరు వద్దన్న మనిషిని ఎవరూ చూసినట్టు లేదు, నేను బేరం పెడుతున్నాననుకున్నారు. పదిమందితో కలిపి వెయ్యాల్సిన నా పేరు ఒక్కటే తెరనిండా వేశారు!

విడుదలనాడు వద్దంటే వినకుండా నాన్న వచ్చారు. నా పేరు పడగానే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. గజాల తాను లెక్క రాగానే ఆ చెయ్యి వదిలి కళ్ళజోడు సర్దుకున్నారు. హాలంతా ఒకటే ఈలలు. ఇంటిదారిలో ఏడుపు ఆపుకుంటూ నేనేదో చెప్పబోతే, "నువ్వు ఎనిమిదే రాసుంటావులే అమ్మా" అన్నారు.

నిర్మాతగారన్నట్టు ఆరోజు హాల్లో లెక్కేసింది బహుశా మా నాన్న ఒక్కరే. ఇప్పుడు ప్రతివాడూ లెక్కేస్తున్నాడు, సరిగ్గానే వేస్తున్నాడు, సంతోషం. ఉండబట్టలేక మేనకోడలికి ఫోన్ చేసి శని అంకే, వర్జ్యం, పది గజాలూ అన్నీ మొదటినుంచీ చెప్పుకొచ్చాను. అంతా విని, "పోనీలే అత్తా, అప్పట్లో మీకు కాలిక్యులేటర్లు ఉండేవి కాదుగా" అంది.

అడక్కుండానే నువ్వు ఎనిమిదే రాసుంటావులే అన్న ఆయన పోయి చాలా ఏళ్ళయింది.