ఈశాన్యంలో సన్నజాజి

చందానగర్‌లో బొంబాయి రోడ్డు దిగి లోపలికి వెళ్తే వచ్చే ఆ కాలనీలో అప్పట్లో ఇళ్ళ కంటే హద్దురాళ్ళే ఎక్కువ. వాటి మధ్య తుమ్మచెట్లు, అక్కడక్కడ గోడలకు సున్నమైనా వేయకుండా గృహప్రవేశం చేసేసుకున్న ఇళ్ళు. అందులో ఒకటి శ్రీనివాసరావుది. తణుకు దగ్గర్నుంచి వచ్చి ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా చేరి, సూపరింటెండెంటు దాకా వచ్చిన మనిషి. ఇల్లు అతని పేరున ఉంది. ఇంటి ముందున్న తోట మాత్రం తనదని అతని భార్య కనకలక్ష్మి అనుకునేది. పాపం, ఎవరూ కాదనలేదు కాబట్టి అలా అనుకుంది.

అంతకుముందు ఆవిడ కాపురమంతా కిరాయి వాటాల్లో గడిచింది. గోడకు మేకు కొట్టొద్దు, మెట్ల మీద కుండీ పెట్టొద్దు, నీళ్ళు ఒలకపోయొద్దు. ఒక ఇంటావిడైతే, కనకలక్ష్మి కిటికీ ఊచలకు పాకించుకున్న బచ్చలితీగను గోడకు మరకలవుతాయని వేళ్ళతో సహా పీకి వీధిలో పారేసింది. ఆ రోజే కనకలక్ష్మి, సొంతిల్లంటూ కడితే వంటింట్లో అలమారల కంటే ముందు వాకిట్లో పందిరి వేయిస్తానని మనసులో అనుకుంది.

అన్నట్టే వేయించింది. గేటు పక్కన, ప్రహరీ మూల, పొద్దున్నే ఎండ పడే చోట. ఇంట్లో పనిచేసే పోచమ్మ భర్త మాదాపూర్‌లో లేస్తున్న పెద్ద పెద్ద భవనాల దగ్గర సెంట్రింగ్ పని చేసేవాడు. ఒక ఆదివారం అతను వచ్చి గుంజలు పాతి, వాటికి వెదురు బద్దలతో జాఫ్రీ అల్లిపెట్టాడు. కొలతలన్నీ కనకలక్ష్మివే. తీగను సర్దడానికి చెయ్యి పట్టేంత సందు ఉండాలి. గాలి ఆడేలా గోడకు జానెడు ఎడం ఉండాలి. చెద పట్టకుండా గుంజల మొదళ్ళకు తారు పూయాలి. మొదటి ఏడాది ఆ ఒట్టి జాఫ్రీని చూసి, కోళ్ళగూడు కడుతున్నారా అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు.

సన్నజాజి మెల్లగా లేచే రకం. అది ఎదిగే దాకా బోసిగా ఉండకూడదని పక్కనే కాశీరత్నం గింజలు వేసింది. వానలు పడగానే ఆ సన్నటి ఆకులు, చిట్టి ఎర్రపూలు జాఫ్రీని కప్పేశాయి. గేటు మీదికి రాధామనోహరం ఎక్కించింది. జాజితీగ మాత్రం ఆవిడ బిడ్డ. దారంతో కడితే కొమ్మ కోసుకుపోతుందని పాత నేతచీర చింపి, ఆ పేలికలతో వదులుగా కట్టేది. కొస తుంచితేనే పక్కలకు చిగుళ్ళేస్తుందని, పైకి పోవాలని తొందరపడే ప్రతి కొసనూ గిల్లేది. రెండో వానాకాలానికి వెదురు కనిపించడం మానేసింది.

ఆ తర్వాత సాయంత్రం అయ్యేసరికి ఆ వీధి వీధంతా ఘుమఘుమలాడేది. ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. పోచమ్మ తన కూతురికి జడలోకి దండ కట్టుకుపోయేది. రిక్షావాళ్ళకు శ్రీనివాసరావు పేరు తెలియదు, జాజిపందిరి ఇల్లంటే తిన్నగా తెచ్చి దింపేవారు. పెళ్ళైన నాటి నుంచి ఫలానావారి భార్య, ఫలానావాడి తల్లి అని పిలిపించుకున్న మనిషికి, తన చేతి పనితో ఒక గుర్తు ఏర్పడింది. ఈ లోకంలో ఆవిడ తనదని వేలు పెట్టి చూపించగలిగింది అదొక్కటే. ఆ సంతోషం భర్త కంటికి ఆనలేదు, లేదా ఆనినా లెక్కలోకి రాలేదు.

ఇంతలో కొడుకు తేజ డిగ్రీ ముగించాడు. రెండువేల సంవత్సరం వస్తే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న గోల మీద ఉన్న రోజులవి. అమీర్‌పేటలో కోర్సు చేసినవాడికల్లా ఉద్యోగం వస్తోంది. తేజ కూడా చేశాడు. కానీ ఇంటర్వ్యూలో కూర్చోగానే వాడి నాలుక పిడచగట్టుకుపోయేది. పొద్దున ఇస్త్రీ చొక్కాతో మాదాపూర్ బస్సెక్కడం, సాయంత్రం ముఖం వేలాడేసుకుని రావడం. ఎదురింటి అబ్బాయి ఉద్యోగంలో చేరి మోటారు సైకిలు కొన్నాక శ్రీనివాసరావుకు ఇంట్లో అన్నం సయించలేదు. కొడుకుకు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడడం నేర్పించాలని అతనికి తోచలేదు. వెంకటరమణను పిలిపించాలని తోచింది.

వెంకటరమణ ఆ కాలనీకి వాస్తు చెప్పేవాడు. ఒకప్పుడు ప్లాన్లు గీసేవాడట. జేబులో దిక్సూచి పెట్టుకుని, ఎవరింటికి వెళ్ళినా ముందు మూలలు చూసి తర్వాత మనుషుల్ని పలకరించేవాడు. అతన్ని అడక్కుండా ఆ చుట్టుపక్కల ఎవరూ బోరు వేయరు, మంచం జరపరు. వాకిట్లో నిలబడి దిక్సూచి చూశాడు, పందిరి చూశాడు, తల అడ్డంగా ఊపాడు. ఈశాన్యం ఈశ్వరుడి స్థానం, అక్కడ ఖాళీగా, పల్లంగా ఉండాలి, మీరు పెద్ద బరువు పెట్టి వెలుతురు మూసేశారు, ఇక మగపిల్లవాడు ఎలా పైకి వస్తాడని తేల్చేశాడు. పూల బరువు ఎంతుంటుందని కనకలక్ష్మి అడిగింది. అతను నవ్వి, కాఫీ బాగుందన్నాడు.

ఆ వానాకాలమంతా ఆవిడ ఒప్పుకోలేదు. దేవుడి మూలలో దేవుడికి పెట్టే పూలే కదా పూస్తున్నాయంది. తీగను కాస్త కత్తిరిస్తానంది. దక్షిణం పక్కకు మారుస్తానని కూడా అంది, ఆ వయసు తీగ వేరు కదిలిస్తే బతకదని తెలిసి కూడా. శ్రీనివాసరావు అరిచే మనిషి కాదు. అరిచినా బాగుండేది. కొడుకు ఉత్తచేతులతో తిరిగొచ్చిన ప్రతిసారీ వెళ్ళి ఆ పందిరి ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. చివరికి తేజ కూడా దానివైపు చూడకుండా గేటు తీసుకుని వెళ్ళడం మొదలుపెట్టాడు. కొడుకు అలా తల తిప్పుకున్నప్పుడల్లా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయేది. తన సరదా వాడి నోటి కాడ అన్నం తీసేస్తోందా అన్న అనుమానం మెల్లగా లోపలికి పాకింది.

దసరా వెళ్ళాక ఒక పొద్దున శ్రీనివాసరావు కాఫీ గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"కొడుకు కావాలో తీగ కావాలో ఇవాళ తేల్చి చెప్పు కనకం."

ఏ తల్లి మాత్రం ఏం చెబుతుంది? ఆవిడ కత్తి తెమ్మని పోచమ్మతో అంది. పోచమ్మ కత్తి తెచ్చి అరుగు మీద పెట్టింది గానీ చేత పట్టుకోలేదు.

"పూస్తున్న చెట్టును నేనెట్ల నరుకుతనమ్మా? ఇంకే పనైన చెప్పు, చేస్త. గిది మాత్రం నాతోని కాదు."

దాంతో ఆవిడే దిగింది. మొగ్గలతో నిండుగా ఉంది తీగ. ముందు పేలికల ముడులన్నీ ఒక్కొక్కటే విప్పింది. కట్టు మీద ఉండగా నరకడానికి ఆవిడకు చెయ్యి రాలేదు. విప్పిన కొమ్మలు భుజాల మీద, జుట్టు మీద పడుతుంటే తోసుకుంటూ మొదలు దాకా వంగి నరికింది. వేరు కూడా ఉండకూడదని వెంకటరమణ చెప్పాడంటూ శ్రీనివాసరావు గునపం అందించాడు. తేజ వసారాలో పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ తవ్వుతున్నంతసేపూ ఒక్క పేజీ కూడా తిప్పలేదు.

కార్తీకంలో తేజ ఉద్యోగంలో చేరాడు. మాదాపూర్‌లో, అద్దాల భవనంలో. కాలనీ అంతా స్వీట్లు పంచారు. ఈశాన్యం ఖాళీ చేసిన నెల తిరక్కుండా పని అయిందని శ్రీనివాసరావు వచ్చినవాళ్ళందరినీ ఆ మూలకు తీసుకెళ్ళి చూపించాడు. కనకలక్ష్మి కూడా ఆ బోసి మూలకు దణ్ణం పెట్టుకుంది. బాధ ఉంది, లేకపోలేదు. కానీ బిడ్డ కోసం ఇచ్చానన్న తృప్తి దాన్ని కప్పేసింది. ఆ తృప్తితోనే ఆవిడ జీవితమంతా గడిపేసేది కూడా, తేజ నోరు జారకపోతే.

ఒక ఆదివారం తల్లి ఆ మూలకేసి చూస్తూ కూర్చుంటే వాడికి జాలేసింది. ఓదార్చబోయాడు. బాధపడకమ్మా, జీతం రాగానే నీకు నర్సరీ నుంచి మంచి మంచి కుండీలు తెస్తాను, బతుకమ్మ ఆడుతున్న రోజుల్లో నేను సెలక్టయ్యానని నాన్నగారి ఆఫీసుకు ఫోనొచ్చినప్పుడే ఈ మాట అనుకున్నాను అన్నాడు. అన్నాక గానీ ఏమన్నాడో వాడికే తెలియలేదు.

ఆవిడకు మాత్రం తెలిసింది. బతుకమ్మ దసరాకు ముందు. పందిరి కొట్టేసింది దసరా తర్వాత. ఎవరెవరికి తెలుసని గుచ్చి గుచ్చి అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చింది. తండ్రికి తెలుసు, కొడుక్కి తెలుసు. వెంకటరమణకు కూడా ముందే చెప్పారు. చేరే దాకా గండం తప్పనట్టు కాదు, మూల ఖాళీ చేసి తీరాలని అతనన్నాడట. అమ్మకు చెబితే సంతోషం పట్టలేక నలుగురికీ చెబుతుంది, దిష్టి తగులుతుందని తండ్రి వద్దన్నాడట. ఇంటికి రాకపోకలున్న వాస్తు మనిషి కళ్ళు మంచివి, కన్నతల్లి నోరు చెడ్డది.

"నేను మొదలు నరుకుతున్నప్పుడు నువ్వక్కడే కూర్చున్నావు కదరా."

"నాన్న చెప్పొద్దన్నారమ్మా," అన్నాడు తేజ, తల వంచుకుని.

రాత్రి భోజనాల దగ్గర ఆవిడ భర్తను నిలదీసింది. దిష్టి సంగతి చెబుతాడనే అనుకుంది. అతను మజ్జిగ కలుపుకుంటూ, ఇందులో దాచేదేముంది అన్నట్టు చెప్పాడు.

"ఉద్యోగం వచ్చిందని తెలిస్తే నువ్వు దాన్ని తీయనిచ్చేదానివా? అందుకే చెప్పలేదు."

కొడుకు మీద ఆవిడకున్న ప్రేమను కొలిచి చూసి, అది ఎంత పని చేస్తుందో తెలిసి, దాన్నే ఆవిడ చేతికి గునపంగా ఇచ్చాడు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక కంచాలు తీసి పెరట్లో వేసింది. నెల తర్వాత తేజ మొదటి జీతంతో కుండీలు తెచ్చాడు. ఆవిడ వాటిలో ఏమీ వేయలేదు.

సంక్రాంతి వెళ్ళాక వెంకటరమణ ఒక జంటను వెంటబెట్టుకొచ్చాడు. మదీనాగూడలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు. భర్తకు మాదాపూర్‌లో ఉద్యోగం, ప్రమోషన్ ఆగిపోయిందట. భార్య పేరు ఉమాశ్రీ, చిన్న పిల్ల. గేటు మీద కమాను పెట్టి మాలతీతీగ పాకించుకుందట, అది ఈశాన్యంలోనే పడిందట. అనుభవం ఉన్నవారి నోట వింటే ఆ అమ్మాయికి నమ్మకం కుదురుతుందని తీసుకొచ్చాడు. శ్రీనివాసరావు ఉత్సాహంగా కథంతా చెప్పి, నువ్వు కూడా చెప్పు అన్నట్టు భార్యకేసి చూశాడు.

"మావాడికి ఉద్యోగం ముందే వచ్చిందండీ. పందిరి తర్వాత కొట్టేశాం," అంది కనకలక్ష్మి.

శ్రీనివాసరావు ముఖం మాడిపోయింది. వెంకటరమణ మాత్రం తడుముకోలేదు. తీయాలని సంకల్పం చెప్పుకున్న క్షణం నుంచే ఫలితం మొదలవుతుందమ్మా, ఆ ఫోను అందుకే వచ్చింది అన్నాడు. ఉమాశ్రీ భర్త అబ్బురపడి తల ఊపాడు. శ్రీనివాసరావు కూడా ఊపాడు. ఆవిడ నిజం చెప్పినందువల్ల వాస్తుకు మరో సాక్ష్యం దొరికింది, అంతే.

మగవాళ్ళు దిక్సూచి పట్టుకుని వాకిట్లోకి వెళ్ళారు. ఉమాశ్రీ గ్లాసులు తెచ్చే మిషతో వంటింట్లోకి వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఏం చేయమంటారు పిన్నిగారూ? తీసేయనా? రేపు ఆయనకు ఏమైనా అయితే నావల్లే అంటారు."

ఉంచుకోమని చెప్పాలని కనకలక్ష్మికి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఈ పిల్ల ఎన్నాళ్ళు నిలబడుతుందో ఆవిడకు తెలుసు. తను నిలబడ్డన్నాళ్ళు. ఆ పిల్ల చేతిలోంచి గ్లాసులు తీసుకుని తొట్టిలో పడేసింది.

"కత్తి పట్టుకునే ముందు మీ ఆయన్ని ఒక్క మాట అడుగమ్మా. నీకు తెలియకూడనిది వాళ్ళందరికీ ఏం తెలుసో అడుగు."